పదిహేడో నంబరు సీసా

మా మావయ్య దేశమంతా తిరిగొచ్చాడని మా వీధిలో నమ్మని మనిషి లేడు. నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే, మా అత్తయ్యా నేనూ. ఆయన జన్మలో ఈ ఊరు దాటింది మూడుసార్లు. మూడూ పెళ్లిళ్లే. మూడుసార్లూ భోజనం కాగానే చెయ్యి కడుక్కుని బస్సెక్కి వచ్చేశాడు.

ఆయన సూట్‌కేసులు బాగుచేస్తాడు. విరిగిన చక్రం, ఊడిన పిడి, పళ్లు రాలిన జిప్పు, యజమాని నంబరు మర్చిపోయిన తాళం, ఇవీ ఆయన పనులు. షాపులో ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద నిలబడాలి. దానికి ఒక పక్క మందుల షాపు, ఇంకో పక్క నా జిరాక్స్ షాపు. మా రెండు షాపులకీ బోర్డులున్నాయి. మావయ్య షాపుకి లేదు. చక్రాలాయన ఎక్కడ అంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు.

చక్రం మార్చాలంటే ముందు పాతది విప్పాలి. విప్పితే ఇరుసు చుట్టూ ఏదో ఒకటి ఇరుక్కుని ఉంటుంది. దారప్పోగులు, వెంట్రుకలు, ఇసుక, మట్టి. బుద్ధున్నవాళ్లెవరైనా దాన్ని ఉఫ్ అని ఊదేస్తారు. మావయ్య మాత్రం ఊపిరి బిగబట్టి, పట్టకారుతో ఒక్కో రేణువూ లాగి, తెల్లకాగితం మీద పోసి, "ఎక్కణ్ణించి వస్తున్నారు?" అని అడుగుతాడు. అడిగి, మందుల షాపాయన ఇచ్చిన ఖాళీ సీసాలో పోసి, మూత బిగించి, నా దగ్గరికి వచ్చి చీటీ టైపు చేయిస్తాడు. "జైసల్మేర్, ఇసుక, నల్ల పెట్టె, ముందు కుడి చక్రం." ఇలాంటివి నలభై మూడు సీసాలు ఆయన కుర్చీ వెనక అరలో నంబర్ల వరసన నిలబడి ఉంటాయి.

దీనికో నియమం కూడా ఉంది. చేత్తో తెచ్చింది చెల్లదు. ఒకావిడ పాపం అభిమానంతో అండమాన్ నుంచి సంచీడు ఇసుక మోసుకొస్తే, మావయ్య దండం పెట్టి తిప్పి పంపాడు. "ఇది మీరు తెచ్చిందమ్మా. నాకు తనంతట తాను అంటుకొచ్చింది కావాలి" అన్నాడు. ఆవిడ ఆ సంచీ ఏం చేసుకుందో ఇప్పటికీ తెలియదు.

ఆ సీసాల వల్ల ఆయనకి లేనిపోని పేరొచ్చింది. ఎవరు ఎటు వెళ్లాలన్నా ముందు చక్రాలాయన్ని అడగాల్సిందే. "లడాఖా? అక్కడి మట్టి జల్లించిన పిండిలా ఉంటుంది, జిప్పులోకి దూరుతుంది, గుడ్డ పెట్టె వద్దు." "మేఘాలయా? అక్కడ పెట్టె నడవదు, ఈదుతుంది. వీపు సంచీ పట్టుకెళ్లండి." వెళ్లొచ్చినవాళ్లు "అచ్చం మీరన్నట్టే ఉందండీ" అనేవాళ్లు. తను వెళ్లొచ్చానని ఆయన ఎన్నడూ అబద్ధమాడలేదు. ఎప్పుడు వెళ్లారని ఎవరైనా అడిగితే వేలితో సీసా చూపించేవాడు. వాళ్లు తృప్తిగా తల ఊపేవాళ్లు. మా వీధివాళ్ల తెలివితేటలు అలాంటివి.

మరి తను ఎందుకు వెళ్లలేదంటే, సెలవులొస్తే లోకం బయల్దేరుతుంది, బయల్దేరే ముందు జిప్పులు తెగుతాయి, తిరిగొచ్చాక చక్రాలు విరుగుతాయి. "ఈ సీజను కానీ" అంటాడు. ముప్ఫై రెండేళ్లుగా ఆ సీజను అవుతూనే ఉంది.

నిజానికి వాళ్లింట్లో దేశం చూసింది ఒకే ఒక్కరు, ఆకుపచ్చ సూట్‌కేసు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ ఎక్కడికైనా వెళ్దామని కొన్నారు. వీళ్లు వెళ్లలేదు గానీ అది ఆగలేదు. అడిగినవాళ్లకల్లా మావయ్య ఇచ్చేవాడు, చక్రాలు కడగకుండా తిరిగివ్వాలన్న ఒకే షరతు మీద. అది ఉదయపూర్ చూసింది, మున్నార్ చూసింది, డార్జిలింగ్ రెండుసార్లు చూసింది. తిరిగొచ్చినప్పుడల్లా అత్తయ్య దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, "బాగా నలిగిపోయావే. చలిగా ఉందా అక్కడ? ఎవరైనా సరిగ్గా చూసుకున్నారా నిన్ను?" అని పలకరించేది. మొదట్లో ఎగతాళికే అనేది. తర్వాత తర్వాత నిజంగానే అడుగుతున్నట్టుండేది, వినడానికి నాకు కష్టంగా ఉండేది.

అత్తయ్యది పెద్దాసుపత్రిలో దుప్పట్ల గదిలో పని. ఉతికొచ్చిన తెల్ల దుప్పట్లు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి, మరక ఉంటే వెనక్కి పంపి, లేకపోతే నాలుగు మడతలు పెట్టి అరలో సర్దాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇదే. తెలుపు కనిపిస్తే చాలు ఆవిడ కళ్లు మరక కోసం వెతుకుతాయి. పక్కింటాయన కొత్త చొక్కా వేసుకొస్తే, బాగుందనకుండా "జేబు కింద చూశారా" అంటుంది.

అలాంటి మనిషి ఒకసారి ఆసుపత్రిలో ఎవరో వదిలేసిన పత్రికలో కచ్ ఉప్పు ఎడారి ఫొటో చూసింది. కనుచూపుమేరా తెల్లటి నేల. ఆ కాగితం చింపి తెచ్చి బీరువా తలుపు లోపల అంటించుకుంది. "నేను ఉతికించక్కర్లేని తెలుపు, మడత పెట్టక్కర్లేని తెలుపు, ఒక్కసారి చూడాలే" అంది నాతో. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. మావయ్యతో అంటే ఆయన పదిహేడో నంబరు సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. "కచ్, తెల్ల ఉప్పు, నీలం పెట్టె, వెనక ఎడమ చక్రం." చూసుకో అన్నాడు. నేనైతే ఆ సీసా ఆయన నెత్తినే బోర్లించేదాన్ని. అత్తయ్య వంటింట్లోకి వెళ్లిపోయింది.

పోయిన చలికాలం చివర్లో అత్తయ్య రిటైరయింది. మర్నాడే నా షాపుకొచ్చి కచ్‌కి రెండు టికెట్లు తీయించింది. రెండు రైళ్లు, తర్వాత బస్సు. గురువారం ఉదయం ప్రయాణం. టికెట్లు చూసి మావయ్య నీళ్లు నమిలాడు. సీజనన్నాడు, మోకాలన్నాడు, నాలుగు పెట్టెలు అర్జెంటన్నాడు. ఆవిడ వినిపించుకోకుండా అటక మీంచి ఆకుపచ్చ పెట్టె దింపి, ఇద్దరి బట్టలూ సర్దేసింది. ముప్ఫై రెండేళ్లలో దాంట్లో వాళ్ల బట్టలు పడటం అదే మొదలు.

సోమవారం మందుల షాపాయన వచ్చి, "అన్నగారూ, మేఘాలయ వెళ్తున్నాం, మీ పెట్టె ఇస్తారా" అన్నాడు. మా మావయ్య ఏం చేసుంటాడు? అలవాటు కొద్దీ ఇంటికెళ్లి, బట్టలు మంచం మీద కుమ్మరించి, పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "చక్రాలు కడక్కండి" అన్నాడు. మేఘాలయలో చక్రాలు ఎవరూ కడగక్కర్లేదు, ఆకాశమే కడుగుతుంది. ఆ సంగతి కూడా తట్టలేదు.

మధ్యాహ్నం అత్తయ్య షాపుకొచ్చింది. నేనూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. మావయ్య అప్పుడే ఒక కొత్త జంటకి పదిహేడో నంబరు చూపిస్తున్నాడు. "ఈ తళుకు చూడండి. మామూలు ఉప్పుకి ఇది రాదు. కొంచెం నాలిక్కి రాసుకోండి, చివర్లో చిన్న చేదు తెలుస్తుంది." ఆ అమ్మాయి రాసుకుని, అవునండీ చేదుందంది.

"అది వీధి చివర కొట్లో ఉప్పు" అంది అత్తయ్య.

మావయ్య వెనక్కి తిరిగాడు.

"పదేళ్ల కిందట మీరు అరకి రంగు వేయిస్తూ సీసాలన్నీ ఇంటికి తెచ్చారు. ఓ పూట ఇంట్లో ఉప్పు నిండుకుంది. అందులోది కూరలో వేశాను. మీరు బాగుందని రెండోసారి వడ్డించుకున్నారు. మర్నాడు కొట్లో కొని నింపేశాను."

జంట మెల్లిగా జారుకుంది. మావయ్య సీసాని వెలుతురుకి పట్టి చూశాడు. పాపం అనిపించింది నాకు. నోరు మూసుకుని ఉండాల్సింది, ఉండలేకపోయాను.

"మావయ్యా, ఎర్ర పెట్టె చక్రంలోంచి తీసిన అండమాన్ సీసా నేను పగలగొట్టాను. ఇప్పుడందులో ఉన్నది మా చేపల తొట్టిలో రాళ్లు."

"పగడాలు కావూ?"

"కావు."

ఈ గొడవ విని మందుల షాపాయన మా అత్తయ్య పెట్టెతో సహా వచ్చాడు. మనిషి చెమటలు కక్కుతున్నాడు. "అన్నగారూ, నేను జైసల్మేరు వెళ్లలేదండీ. ఆ వారమంతా అత్తగారింట్లో ఉన్నాను. బయటికి చెప్పుకోలేక జైసల్మేరన్నాను. మీరు చక్రాలు చూస్తారని, ఇల్లు కడుతున్నచోట ఇసుకలో పెట్టెని ఇరవైసార్లు అటూ ఇటూ లాగాను." ఆ ఇసుక చూసే మావయ్య ఎడారి గాలి గురించి ఊళ్లో సగంమందికి చెప్పాడు. వాళ్లంతా వెళ్లొచ్చి, అచ్చం మీరన్నట్టే ఉందనీ అన్నారు.

మందుల షాపాయన పెట్టె వెనక్కిస్తానన్నాడు. అత్తయ్య వద్దంది.

"దానికి తిరుగుడు అలవాటే, పోనీండి. నాకు కావలసింది పెట్టె కాదు, పక్క సీట్లో మనిషి." మావయ్య వైపు తిరిగింది. "గురువారం నేను వెళ్తున్నాను. ముప్ఫై రెండేళ్లు మీకోసం ఆగాను, ఇంక ఆగను. మీరు రాకపోతే ఆ సీటు ఖాళీగానే వస్తుంది."

"వెళ్లి చూశాక అది వేరేలా ఉంటే?" అన్నాడు మావయ్య. "ఇన్నేళ్లూ అందరికీ చెప్పానే."

"వేరేలా ఉంటే వేరేలా చూద్దాం."

మంగళవారం మావయ్య షాపు తియ్యలేదు. బుధవారం తీశాడు గానీ సీసాలన్నీ గోడవైపు తిప్పి పెట్టాడు. ఎవరో లడాఖ్ గురించి అడిగితే "నాకు తెలియదండీ" అన్నాడు. వాళ్లు నవ్వారు, ఎంత వినయమో అనుకుని.

గురువారం ఉదయం అత్తయ్యతో స్టేషనుకి నేను వెళ్లాను. పెట్టెలు బాగుచేసేవాడి భార్య ప్రయాణం ఎలా ఉండాలి? షాపులో పద్దెనిమిది పెట్టెలున్నాయి, అన్నీ ఊళ్లోవాళ్లవి. బాగుచెయ్యమని ఇచ్చిన పెట్టె వాడుకోవడం ఆ ఇంట్లో పాపం. ఆవిడ బట్టల్ని ఆసుపత్రిలో పక్కన పడేసిన ఓ మరక దుప్పట్లో మూటగట్టి నెత్తిన పెట్టుకుంది. రైలొచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, మూటని పక్క సీట్లో పెట్టింది. ఎటో చూస్తోంది గానీ, గేటు వైపు మాత్రం చూడటం లేదు. నాకు మావయ్య మీద ఒళ్లు మండిపోయింది.

గార్డు జెండా ఊపుతుంటే వచ్చాడు. ఒక చేతిలో పనిముట్ల సంచీ, ఇంకో చేతిలో ఖాళీ చేసి కడిగిన పదిహేడో నంబరు సీసా. పరిగెత్తి ఎక్కాడు. అత్తయ్య మూట తీసి ఒళ్లో పెట్టుకుంది.

వాళ్లు తిరిగొచ్చాక అత్తయ్యే చెప్పింది. రైల్లో ఆయన కుదురుగా కూర్చోలేదట, బోగీ అంతా తిరిగి తోటివాళ్ల పెట్టెలవి ఏడు చక్రాలు బిగించాడట. బస్సు దిగి ఇద్దరూ ఆ తెల్లటి నేల మీద నడిచారు. అత్తయ్య వంగి వంగి చూసిందట.

"ఏమైనా దొరికాయా మరకలు?" అన్నాను.

"చాలా ఉన్నాయి. అడుగులు, బురద, ఎవరో పారేసిన చాక్లెట్ కాగితం. పోనీలే, నా డ్యూటీ కాదు కదా అనుకున్నాను. అనుకోగానే ఏడుపొచ్చేసింది. మీ మావయ్య పక్కనే చతికిలబడి, బస్సువాడు హారను కొట్టేదాకా లేవలేదు."

ఆకుపచ్చ పెట్టె మేఘాలయ నుంచి తడిసి ముద్దై వచ్చింది. అత్తయ్య దాన్ని తుడుస్తూ ఈసారి ఏమీ అడగలేదు. తను ఎక్కడికి వెళ్లొచ్చిందో దానికి మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

మర్నాడు షాపుకెళ్తే అరలో పదిహేడో నంబరు ఖాళీగా ఉంది. అంత దూరం పోయి సీసా నింపుకోలేదా అని అడిగాను.

"చేత్తో ఎత్తింది చెల్లదు కదే" అన్నాడు మావయ్య. ఆయన ముందు తెల్లకాగితం పరిచి ఉంది. దాని మీద అత్తయ్య ఎడమ చెప్పు బోర్లించి ఉంది. అడుగున గాడుల్లో గట్టిపడ్డ ఉప్పుని పట్టకారుతో ఒక్కో పలుకే తీస్తున్నాడు. అంతా తీస్తే గోరంత కూడా లేదు. సీసాలో పోసి మూత బిగించి, నా వెనకే జిరాక్స్ షాపుకొచ్చాడు.

"చెప్పు మావయ్యా."

"కచ్. తెల్ల ఉప్పు. మీ అత్తయ్య ఎడమ చెప్పు."

టైపు చేసి ప్రింటు తీయబోతుంటే ఆగమన్నాడు.

"పక్కన నేను ఉన్నానని కూడా రాయి" అన్నాడు.