మేళం రాని పెళ్లి

నా చిన్నప్పుడు సూర్యాపేటలో మా గ్రామఫోనుకు ఉన్న ప్లేట్లలో ఒకదాన్ని ఎవరూ వినేవారు కాదు. పట్నంలో ఒక దొర సామాను అమ్ముకుని పోతుంటే మా బాబాయి పాటల ప్లేట్లు కొన్నాడు, వాటితోపాటు వచ్చిందది. ఏదో జాజ్ సంగీతమట. పాడేవాడు లేడు, బాకాలు ఊదేవాళ్లున్నా పెత్తనమంతా డ్రమ్ములు వాయించేవాడిదే. మా తాతయ్య ఒక్కసారి విని, ఈ చప్పుడు మన బియ్యం మిల్లుల పైస ఖర్చు లేకుండ ఉత్తగనే ఇనబడతది గదా అన్నాడు. దాంతో అది అటకెక్కింది.

ఆ ఏడే మా అక్క పెళ్లి. అంతకుముందు కుదిరిన సంబంధం తాంబూలాల వేళ ఎవరో తుమ్మితే తప్పిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో జలుబు చేసినవాళ్లను దొంగల్లా చూసేవారు. ఈసారి పెళ్లికొడుకుది కోదాడ. వాళ్ల తాతగారికి శకునాల పట్టింపు ఎంతో, నశ్యం అలవాటూ అంతే. మా వాళ్ల ధైర్యమల్లా గట్టిమేళమే. తాళి కట్టేటప్పుడు మేళం మోగితే తుమ్మూ దగ్గూ వినబడవు కదా.

తీరా ముహూర్తం దగ్గరపడ్డా మిర్యాలగూడ నుంచి రావలసిన మేళగాళ్లు రాలేదు. దారిలో బస్సు చెడిపోయిందని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు తాతగారు నశ్యం డబ్బా తీశారు. అది చూసి అక్క తల వంచుకునే ఏడవడం మొదలుపెట్టింది. నాకూ ఏడుపొచ్చింది.

మా నాయనమ్మ మాత్రం అటక మీది ప్లేటు దింపించి, గ్రామఫోను బాకాను తాతగారి వెనక, చెవికి దగ్గరగా పెట్టించింది. పెళ్లికొడుకు తాళి అందుకోగానే డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. తాతగారి నోరు తెరుచుకోవడం, తలపాగా జారి ఒళ్లో పడడం అందరం చూశాం. తుమ్ము మాత్రం ఎవరికీ వినబడలేదు, ఆయనకు కూడా. పంతులుగారు కాసేపు బిత్తరపోయి, అక్షింతలు వేయమని చేత్తో సైగ చేశారు. తాతగారు తలపాగా సర్దుకుని, మేళం బాగుందే, ఏ ఊరోళ్లు అని అడిగారు.

తర్వాత నేను నాయనమ్మ దగ్గర చేరి, ఆయన తుమ్మిండు గదా అన్నాను.

"నీకు ఇనబడ్డదా? ఇనబడనిది అపశకునం ఎట్లయితది బిడ్డా. జర చప్పుడు చేసినం, పిల్ల బతుకు నిలబడ్డది. ఇగ ఖతం," అంది.

ఆ మాట నాకు బాగా వంటబట్టింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరి నోటినుంచైనా మాట జారబోతోందనిపిస్తే, చేతిలో ఉన్న ఇత్తడి గిన్నెను దబ్బున కింద పడేస్తాను. సగం తగాదాలు మొదలుకాకముందే ఆగిపోతాయి. ముసలిదానికి చేతుల్లో పట్టు తప్పిందని మా కోడళ్లు జాలిపడుతుంటారు. పడనీ.