చంద్రుడి మీద పడ్డవాడు

వేసవి రాగానే జనగామ స్టేషను వెనక ఖాళీ జాగాలో డేరా టాకీసు వెలిసేది. టికెట్లు చింపే మనిషికి పోలీసు అమీను సాబు వచ్చినా అంత గాబరా ఉండేది కాదు, కొడకండ్ల మొగిలి వస్తే ఉండేది. మొగిలి బండి తోలేవాడు. ఆముదాలు, పల్లికాయ జనగామ అంగడికి చేరవేసి, ఎడ్లకు గడ్డి వేసి, తమ్ముడు కనకయ్యను వెంటబెట్టుకుని డేరాలోకి వెళ్లి నేల మీద ముందు వరసలో కూర్చునేవాడు. బొమ్మ అయిపోయాక ఊరికే పోయే రకం కాదు. అందులోని తప్పులన్నీ టికెట్ల మనిషికి అప్పజెప్పి మరీ బండి కట్టేవాడు.

రజాకార్ల గోల ముదిరిన నలభై ఎనిమిది వేసవిలో ఒక పరదేశపు బొమ్మ వచ్చింది. వారానికో ముక్క ఆడేది. ఒకడు పెద్ద ఇనుప గొట్టంలాంటి యంత్రం ఎక్కి చంద్రమండలం పోతాడు, అక్కడి రాజుతో, ఒళ్లంతా రేకుగా ఉన్న వాడి బంట్లతో కొట్లాడతాడు. వాళ్ల మాటలు మనకు అర్థం కావు కాబట్టి తెర పక్కన ఒకాయన నిలబడి తెలుగులో కథ చెప్పేవాడు.

ఆ బొమ్మ మీద మొగిలికి ఉన్నన్ని అభిప్రాయాలు దాన్ని తీసినవాళ్లకైనా ఉండి ఉండవు.

"దిగంగనే కత్తి దూసిండు. మొదలు నీళ్లేడున్నయో చూసుకోవద్దా? గా రేకు మనిషికి మోకాలు కాడ బట్ట కనపడ్డది. ఆడ గూడ ఒక దొర, ఆయన ముంగట చేతులు కట్టుకొని నిలవడే జనం. గీ మాత్రానికి గంత దూరమెందుకు పోవాలె?"

ఇవన్నీ చిన్న తప్పులు. అతని ఒళ్లు మండింది మరో దానికి. ప్రతి ముక్క చివరా కథానాయకుడు చచ్చిపోయినట్టే చూపించేవారు. నిప్పుల్లో పడేవాడు, నీళ్లలో మునిగేవాడు. పై వారం చూస్తే, అంతకు ముందే దూకి తప్పించుకున్నాడని చూపేవారు.

"పోయిన వారం నా కండ్లార చూసిన. వాడు లోపలనే ఉన్నడు. గిప్పుడు ముందే దూకిండంటే ఎట్ల నమ్మాలె? మమ్ముల ఏమనుకుంటున్నరు మీరు?" అని టికెట్ల మనిషిని నిలేసేవాడు.

కనకయ్య మాత్రం అన్నను నవ్వుతూ లాక్కుపోయేవాడు. "దూకే ఉంటడన్నా. మనం చూడలే, గంతే."

కొడకండ్ల దాకా ఇదే తగువు. ఎడ్లకు దారి తెలుసు కాబట్టి సరిపోయింది.

ఒక వారం కథానాయకుడు లోపల ఉండగానే ఆ యంత్రం చంద్రుడి మీది గుట్టకు కొట్టుకుని భగ్గుమంది. ముక్క అక్కడితో ఆగింది. పై వారానికి బండిలో కనకయ్య లేడు. రజాకార్ల మీద పోరాడే సంఘం దళంలో కలిసి మానుకోట అడవుల దిక్కు వెళ్లిపోయాడు.

తల్లి పోచమ్మ సమ్మక్కకు మొక్కుకుంది. చిన్నకొడుకు ఇల్లు చేరేదాకా ఆకు వక్క వేసుకోనంది. పెద్దకొడుకునూ ఏదో ఒకటి వదిలిపెట్టమంది.

"నేను కల్లు మానుత," అన్నాడు మొగిలి.

"కల్లు మీద నీకెన్నడు పాణం లేదు. ఉత్త మొక్కు సమ్మక్క తల్లి ఒప్పుకోదు. టాకీసు మాను."

మొగిలికి ప్రాణం పోయినంత పనైంది. కానీ మానాడు. తనతో బండి తోలే తండా మనిషి సోమ్లా డేరాలో చూసొచ్చి చెబితే వినేవాడు. సోమ్లా చెప్పడం ఎలా ఉండేదంటే, "కొట్టుకున్నరు. గుర్రమొకటొచ్చింది. మంచిగున్నది." ఆ కాస్తలోనే మొగిలి బోలెడు తప్పులు పట్టేవాడు. చూడకుండానే బొమ్మను తిట్టగలడని అంగట్లో పేరు కూడా వచ్చింది. కాని చంద్రుడి మీద పడ్డవాడి సంగతి మాత్రం సోమ్లాను చెప్పనిచ్చేవాడు కాదు. "గది తమ్ముడొచ్చినంక," అనేవాడు.

రజాకార్లు పోయారు, యూనియన్ మిలిటరీ వచ్చింది. అడవుల్లో గాలింపులు మాత్రం ఆగలేదు. యాభైలో దంతాలపల్లి నుంచి ఒకతను కబురు తెచ్చాడు. దళం ఉన్న గుడిసెను మిలిటరీవాళ్లు చుట్టుముట్టి కాల్చేశారట.

"ముందటి రాత్రి కనకయ్య గుడిసెల జొచ్చుడు నా కండ్లార చూసిన. మళ్ల బయటికి రాంగ చూడలే," అన్నాడతను తల వంచుకుని.

చుట్టాలు దినాలు చేయమన్నారు. పోచమ్మ వినిపించుకోలేదు, ఆకూ ముట్టలేదు. ఆ వేసవిలోనే డేరా మళ్లీ వచ్చింది, అదే చంద్రమండలం బొమ్మ పాత డబ్బాలతో.

"ఇంక మొక్కెవలి కోసమన్నా? లోపలికి రా, జర మనసు మళ్లుతది," అన్నాడు సోమ్లా. మంచికే అన్నాడు.

మొగిలి బండి దగ్గరే ఉండిపోయాడు. ఆ టికెట్టు చింపించుకుంటే తమ్ముడు చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే. డేరాలోంచి జనం అరుపులు వినిపిస్తుంటే, తన కాళ్లు తనకు చెప్పకుండా అటు పోతాయేమోనని నిజంగానే భయపడ్డాడు. గట్టిగా కట్టే ఉన్న ఎడ్ల పలుపులను విప్పి మళ్లీ కట్టాడు.

యాభై ఒకటి చివర పోరాటం ఆగింది. ఒక మధ్యాహ్నం మొగిలి బండి ఇరుసుకు కందెన రాస్తుంటే, గడ్డం పెరిగి బక్కచిక్కిన మనిషి వాకిట్లోకి వచ్చాడు. బియ్యం చెరుగుతున్న పోచమ్మ చేట పక్కన పడేసి పోయి చిన్నకొడుకును పట్టుకుంది. మొగిలి లేచాడు గాని, కందెన చేతులతో ఎక్కడ ముట్టుకోవాలో తెలియలేదు.

"గుడిసె కాలింది గదరా," అన్నాడు చివరికి.

"ఆ పొద్దుగాల్నే నాకు సలిజరమొచ్చె. ముందే తీస్కపోయి కోయగూడెంల పండవెట్టిన్రు. నేను ఆడ లేనన్నా." గుడిసెలో ఉండిపోయినవాళ్లను తలుచుకుని కనకయ్య చాలాసేపు ఏడ్చాడు. అన్నం తిన్నాక గాని మామూలు మనిషి కాలేదు. అప్పుడడిగాడు, "గా చంద్రుని మీద పడ్డోడు బతికిండా?"

"నాకేం ఎరుక? నువ్వు లేకుంట నేను చూడలే."

"అడవిల అందరు గదే అడిగేటోళ్లు. రోజొక తీరుగ చెప్పిన. ఒకనాడు చంపేస్తే అలిగిన్రు. తెల్లారి మళ్ల బతికిచ్చిన."

మాఘంలో మేడారం పోయి సమ్మక్క తల్లికి మొక్కు బెల్లం అప్పజెప్పి వచ్చారు. వేసవిలో ఆ బొమ్మే మళ్లీ వస్తే అన్నదమ్ములిద్దరూ డేరాలో ముందు వరసలో కూర్చున్నారు. టికెట్ల మనిషి ఎందుకైనా మంచిదని దూరంగా నిలబడ్డాడు. యంత్రం గుట్ట మీదికి దూసుకుపోయింది. సరిగ్గా కొట్టుకునే ముందు తలుపు తెరుచుకుని, కథానాయకుడు బయటికి దూకాడు.

"మోసం, మోసం," అని వెనక కుర్రకారు అరిచారు. తర్వాత డేరా అంతా, అతనేమంటాడోనని మొగిలి వైపు తిరిగింది. కనకయ్య కూడా తిరిగాడు.

మొగిలి తువ్వాలతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"దూకే ఉంటడు," అన్నాడు. "మనం చూడలే, గంతే."