ఇప్పసారాలో వచ్చిన ముక్క

ఖమ్మంలో నా ల్యాబుకు మొదటిసారి వచ్చినవాళ్లు లోపల్నుంచి కుక్కరు విజిల్ వినబడగానే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. రిపోర్టు కోసం కూర్చున్న ఒక పెద్దాయన, పప్పా కూరా అని మర్యాదగానే అడిగాడు. గడ్డల ముక్కలు అంటించిన గాజు పలకలు ఉడుకుతున్నాయని చెబితే రిపోర్టు తీసుకోకుండానే వెళ్లిపోతాడని, పప్పేనండీ అన్నాను.

ఆ కుక్కరు మా అత్తగారిది. వేంసూరు నుంచి మా దగ్గరికి వచ్చేసినప్పుడు ఆమె ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పెద్ద కుక్కరు. ఒకరోజు అడక్కుండా ల్యాబుకు పట్టుకుపోయాను. ఒకసారి రసాయనాలు తగిలాక అది మళ్లీ వంటింటి గడప ఎక్కదు కదా. కోడలు కుక్కర్ని కూడా ఆసుపత్రి పాలు చేసిందని ఆమె చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో పప్పు ఉడకకపోతే ఆ పాపం నాదే.

రెండువేల సంవత్సరం దాటాక, ఆ దశకం మధ్యలో జరిగిన సంగతి ఇది. లింఫోమా అంటే మెడలో, చంకల్లో, ఛాతీలో ఉండే లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్. అందులో చాలా రకాలున్నాయి, రకాన్ని బట్టి మందులు. మామూలు రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే నీలం, గులాబీ తప్ప రకం తేలని కేసులు బోలెడు. అప్పుడు యాంటీబాడీలు వాడాలి. ఒక్కో యాంటీబాడీ కణం మీద ఒక్క గుర్తును మాత్రమే వెతికి పట్టుకుంటుంది. అది పట్టుకున్నచోట డికాషన్ రంగు వచ్చేలా చేస్తాం. గడ్డను కోయగానే ఫార్మలిన్‌లో వేస్తారు. అందులో ముక్క గట్టిపడి చెడిపోకుండా ఉంటుంది గానీ, ఆ గుర్తులు లోపల ముడుచుకుపోతాయి. కుక్కర్లో ఉడికిస్తే మళ్లీ విచ్చుకుంటాయి. మా అత్తగారికి ఇదంతా చెప్పాను. స్టీలు గిన్నెలో ఉడికిస్తే విచ్చుకోవా అని అడిగింది.

అంతకుముందు ఇవన్నీ హైదరాబాదుకు పంపేవాళ్లం. జవాబు వచ్చేసరికి కొందరు రోగులు ఉండేవాళ్లు కారు. ఆ కోపంతోనే నేను వెళ్లి పని నేర్చుకుని వచ్చాను. ఫ్రిజ్‌లో చిటికెన వేలంత సీసాల్లో యాంటీబాడీలు పెట్టుకున్నాను. పక్క వీధి చెవి ముక్కు గొంతు డాక్టరు తాను తీసిన టాన్సిల్స్ నాకోసం దాచేవాడు. మేం వెతికే గుర్తులు టాన్సిల్‌లో మామూలుగానే ఉంటాయి కాబట్టి, ప్రతి పరీక్షలోనూ పక్కన ఒక టాన్సిల్ ముక్క పెడతాం. దానికి రంగు పడితే మందు పనిచేస్తున్నట్టు.

ఇప్పపూలు రాలే రోజుల్లో ఒకామె వచ్చింది. వెంట కొడుకు, ఇరవై దాటినవాడు. సారపాక అవతల అడవిలో వాళ్ల గూడెం. అతను కాగితం మిల్లులో వెదురు లారీలు దించే కాంట్రాక్టు పనికి పోయేవాడు. మెడ మీద గడ్డ లేచింది, జ్వరం, రాత్రిళ్లు చెమటలు. ఎవరో టీబీ అని మాత్రలిస్తే నెలల తరబడి మింగాడు. గడ్డ తగ్గలేదు, మనిషి తగ్గాడు. చివరికి భద్రాచలంలో ఒక సర్జన్ గడ్డ కోసి సీసాలో వేసి, ఖమ్మం తీసుకెళ్లమని ఆమె చేతికిచ్చాడు.

ఆమె కొంగులో చుట్టిన సీసా నా బల్ల మీద పెట్టింది. మూత తీశాను. ఫార్మలిన్ అయితే కళ్లు మండాలి. ఇది మండలేదు. తియ్యగా, పుల్లగా, మత్తుగా ఒక వాసన గదంతా నిండింది. మా జిల్లాలో పుట్టినవాళ్లు తాగినా తాగకపోయినా ఆ వాసన ఎరుగుదురు. ఇప్పసారా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం పోశావమ్మా ఇందులో అని గట్టిగా అడిగాను. మూత వదులుగా ఉందట, పాల్వంచ రాకముందే బస్సు కుదుపులకు మందంతా ఆమె ఒళ్లోకి ఒలికిపోయిందట. ముక్క ఎండిపోతుందని సంచిలో ఉన్నది పోసిందట. కొడుకుని దవాఖానాకు తెచ్చేటప్పుడు కూడా సారా లేకుండా కాలు బయట పెట్టరా అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె తల వంచుకుంది. కొడుకు మాత్రం, మళ్లీ కోస్తామంటే తాను రానని నెమ్మదిగా అన్నాడు. మళ్లీ కోయడానికి చేతికందే గడ్డ కూడా లేదు. మిగిలినవన్నీ ఛాతీ లోపలున్నాయి. ఏం చేసినా ఆ ముక్కతోనే చేయాలి.

వాళ్లు ల్యాబు వరండాలోనే ఉండిపోయారు. ఆ సంగతి తెలిసి మా అత్తగారు మధ్యాహ్నం నా క్యారియరుతో పాటు వాళ్లకూ అన్నం పంపింది. పిల్లాడు పప్పు తినలేదని సాయంత్రం నన్ను నిలదీసింది. వాడికి జ్వరం అత్తయ్యా అంటే, కుక్కరుంటే మెత్తగా ఉడికేదని మొదలుపెట్టింది.

ముక్కను మైనంలో పొదిగి, పొరలు కోసి, మామూలు రంగులు వేసి చూశాను. కణాలు కుంచించుకుపోయి ఉన్నాయి. అక్కడక్కడ పెద్ద కణాలున్నాయి. ఒకసారి చూస్తే లింఫోమాల్లో హాడ్జ్‌కిన్ అనే రకం అనిపించింది, ఇంకోసారి చూస్తే వేరే రకమనిపించింది. హాడ్జ్‌కిన్ అయితే మందులకు బాగా లొంగుతుంది, ఆ వయసువాళ్లు చాలామంది బతుకుతారు. అదే కావాలని కోరుకున్నాను. డాక్టర్లు అలా కోరుకోకూడదంటారు, నేను కోరుకున్నాను.

కుక్కర్లో పెట్టాను. విజిల్ వచ్చింది. మూత తీసి చూస్తే పలక మీద టాన్సిల్ ముక్క ఉంది, అతని ముక్క లేదు. ఉడుకుకి ఊడి నీళ్లలో కలిసిపోయింది. తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆమె నా ముఖం చూసి అడిగింది.

"ఏమైందమ్మా?"

"ముక్క కొట్టుకుపోయింది. ఇంకా కొంచెం మిగిలింది. మళ్లీ చూస్తాను."

ఆమె లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. "తాగనీకి తేలేదమ్మా ఆ సారా. పిలగానికి నయమైతదని మా ఇలవేల్పుకు మొక్కిన. టేకులపల్లి కాడ ఉన్నడు ఆయన. తిరిగి పోయేటప్పుడు ఆయన కాళ్లకాడ పోద్దామని నేనే కాసి మూట గట్టిన. బస్సుల ముక్క ఎండుతుంటే చూడలేకపోయిన. దేవుని సారా సీసాల పోసిన. అందుకే ఆయనకు కోపమొచ్చినట్టున్నది."

వాళ్లు వచ్చినరోజు నేనన్న మాట నా చెవుల్లోనే ఇంకా ఉంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఈ పరీక్ష తేలకపోతే నాకు పోయేది ఒక రిపోర్టే. ఆమె మాత్రం కొడుకుని తానే చంపుకున్నానని బతికినన్నాళ్లూ అనుకుంటుంది. నిజంగా ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె ఇంకా బెదిరిపోతుందని పంపు విప్పి చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను.

అలా నిలబడి ఉండగానే తట్టింది. ఫార్మలిన్ దారి మొదట్లోనే ఒలికిపోయింది. ముక్కను గట్టిపరిచింది సారా. సారా గుర్తుల్ని ఫార్మలిన్‌లా ముడిచిపెట్టదు. ముడుచుకోని వాటిని విప్పడానికి కుక్కరెందుకు? అలవాటు కొద్దీ ఉడికించి, ఉన్న ముక్కను నేనే ఊడగొట్టాను.

మర్నాడు పొద్దున్నే మైనంలో మిగిలిన కాస్తనీ కోశాను. ఫార్మలిన్‌లో ఊరిన టాన్సిల్‌ని మాత్రం వేరే పలక మీద పెట్టి ముందే ఉడికించి, కుక్కర్ని పొయ్యి మీద నుంచి దించి కిటికీలో పెట్టేశాను. యాంటీబాడీ చుక్క వేసి, ఆగి, కడిగి, మళ్లీ వేసి, చివరికి రంగు వేశాను. మైక్రోస్కోపులో చూడ్డానికి నాకే ధైర్యం చాలలేదు. ముందు టాన్సిల్ చూశాను, బాగుంది. తర్వాత హాడ్జ్‌కిన్ గుర్తును పట్టే యాంటీబాడీ వేసిన అతని ముక్క. పెద్ద కణాల చుట్టూ డికాషన్ రంగు గీతలు, ఒక్కోదానికీ అంచు దిద్దినట్టు. వేరే రకానికి పట్టే యాంటీబాడీ వేసిన పలక మీద ఆ పెద్ద కణాలకు రంగే లేదు. హాడ్జ్‌కినే.

ఆమెను లోపలికి పిలిచి, మందుందని, హైదరాబాదు పోవాలని, జుట్టు ఊడి మళ్లీ వస్తుందని చెప్పాను. స్టూలు మీద కూర్చోబెట్టి చూడమన్నాను. చాలాసేపు ఏమీ కనబడలేదు ఆమెకు. కనబడ్డాక అడిగింది.

"ఇందుల నా కొడుకు ఏది?"

"అంతా నీ కొడుకేనమ్మా. ఆ గోధుమ రంగుది జబ్బు. నువ్వు సారా పోయకపోతే ముక్క బస్సులోనే ఎండిపోయేది, ఇది మనకు కనబడేదే కాదు."

ఆమె కన్ను తీయకుండానే అన్నది, "అయితే ఆ సారా ఆయన తాగలే. వీనికే ఇచ్చిండు."

అతను హైదరాబాదులో మందులు ఎక్కించుకున్నాడు. మధ్యలో ఒకసారి చాలా జబ్బు చేసిందని కబురొస్తే రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మా అత్తగారు కూడా పూజ గదిలో మామూలు కంటే ఎక్కువసేపు కూర్చుంది. ఎందుకో అడిగితే మోకాళ్లు పట్టేశాయంది.

మళ్లీ ఇప్పపూల కాలానికి తల్లీకొడుకులు వచ్చారు. మొదట అతన్ని గుర్తుపట్టలేదు. బుగ్గలు వచ్చాయి, తలనిండా ఉంగరాల జుట్టు. ముందు ఇలా ఉండేది కాదమ్మా, మీ మందులకే వంకీలు తిరిగిందని నవ్వాడు. మెడ మీద కోత గీత మాత్రం అలాగే ఉంది.

ఆమె సంచిలోంచి సీసా తీసింది.

"ఆయనకు ఆడ పోసినం. ఇది ఈడిది," అన్నది.

నేను ఏదో అనేలోపే వంగి, మైక్రోస్కోపు బల్ల కాలు దగ్గర నాలుగు చుక్కలు పోసి, వాళ్ల భాషలో ఏదో చెప్పుకుంది. కొడుకు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదంతా మళ్లీ అదే వాసన.

నేల మీద నీళ్ల చుక్క కనబడినా ఊడ్చే అమ్మాయి మీద విరుచుకుపడే మనిషిని నేను. సాయంత్రం ఆ పిల్ల గుడ్డ పట్టుకుని బల్ల దగ్గరికి వస్తే, అక్కడ తుడవొద్దన్నాను.