మేపుల్ చెట్టుకి ఇంగువ వైద్యం

ముందు ఆనపకాయ సంగతి చెప్పకపోతే చెట్టు సంగతి ఎవరికీ అర్థం కాదు.

మా ఆయన పోయాక నేను మిషిగన్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. నాతోపాటు మా పెరటి ఆనప గింజలు కూడా వచ్చాయి. ఎలా వచ్చాయని మాత్రం అడక్కండి. అది కుండలా గుండ్రంగా కాసే రకం. ఆయన ఏటా ఒక కాయని ముదరనిచ్చి, ఎండబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. లోపల గింజలు గలగలమంటే, "వినవే, వచ్చే ఏటి పాదు మాట్లాడుతోంది" అనేవారు.

ఇక్కడ కూడా కొన్నేళ్లు బాగానే కాసింది. నాకు ఇంగ్లీషు రాదు, కారు నడపడం రాదు, తెలుగే కూడబలుక్కుని చదువుతాను. అయినా చేతిలో ఆనపకాయ ఉంటే ఈ వీధిలో ఏ తెలుగువాళ్ల తలుపైనా నాకోసం తెరుచుకునేది.

పెరట్లో ఒక మేపుల్ చెట్టు ఉంది. నేను వచ్చిన కొత్తలో కొత్తకోడలిలా ఒద్దికగా ఉండేది. తర్వాత ఒళ్లు చేసి, చేతులు చాచి, నా మడి మీద పడే ఎండంతా మింగేసింది. పోయిన వేసవిలో ఒకే ఒక్క కాయ నిలిచింది. అదీ ముదరకముందే మంచు పడి మెత్తబడిపోయింది. డబ్బా తీసి చూస్తే పాత గింజలు చారెడు కూడా లేవు. ఈ ఏడు కూడా కాయ ముదరకపోతే ఆ వంశం నాతోనే సరి.

"అల్లుడుగారూ, ఆ చెట్టు కొట్టించెయ్యండి" అన్నాను ఒకరోజు భోజనాల దగ్గర.

మా అల్లుడిది వరంగల్ వైపు. కంప్యూటర్ ఉద్యోగం, మెత్తటి మనిషి. "గట్ల కొట్టుడు ఈడ నడ్వదు అత్తమ్మా. సిటీ పర్మిట్ ఉండాలె" అన్నాడు.

"చెట్టు ఎవరిది?"

"మనదే."

"నేల ఎవరిది?"

"మనదే. జర బ్యాంకోళ్లది."

"మరి మధ్యలో ఈ సిటీ వాడెవడండీ?"

"ఆకులు ఊడ్చుడు మాత్రం ఎవ్వలూ పంచుకోరు అత్తమ్మా. అది పూర్తిగ మనదే."

కంచం పక్కనే లాప్‌టాప్ తెరిచి రూల్సు చదివాడు. మొదలు సన్నగా ఉన్న చెట్టుకి పర్మిట్ అక్కర్లేదట. ఒక లావు దాటితే కావాలట. ఆ లావు ఛాతీ ఎత్తులో కొలవాలట.

"ఎవరి ఛాతీ?" అన్నాను.

"అమ్మా!" అంది మా అమ్మాయి.

"అడిగితే తప్పేంటే? పొడుగాటి మనిషి ఛాతీ దగ్గర సన్నగా ఉంటుంది. నా ఛాతీ దగ్గర లావుగా ఉంటుంది. చెట్టు గురించే చెప్తున్నా."

మనిషితో పని లేదు, నేల నుంచి నాలుగున్నర అడుగులు అని అక్కడే రాసి ఉందట. అల్లుడు టేపు పట్టుకుని వెళ్లాడు. నా మాట తీసెయ్యలేక మునివేళ్ల మీద లేచి పైన కూడా ఒకసారి కొలిచాడు. ఎక్కడ కొలిచినా చెట్టు లావే.

"పోనీ పర్మిట్ లేకుండా కొట్టే దారే లేదా?"

"సచ్చిన చెట్టుకైతే వద్దంట. గని నిజంగ సచ్చిందని చూపియ్యాలె. పర్మిట్‌కి అప్లై చేస్త తియ్యి అత్తమ్మా, పరేషాన్ గాకు."

ఆ 'సచ్చిన' అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఆ తర్వాత అల్లుడు ఏం చెప్పాడో నేను వినలేదు.

చెట్టు మొదట్లో చిల్లు పొడిచి ఇంగువ కూరితే నిలువునా ఎండిపోతుందని మా వైపు అంటారు. చూశామన్నవాళ్లు నాకెవరూ తగల్లేదు కానీ చెప్పినవాళ్లు మాత్రం చాలామంది. ఇద్దరూ ఆఫీసులకి వెళ్లాక నేను మేకూ సుత్తీ తీసుకుని పెరట్లోకి నడిచాను. అప్పటికి మంచు కరిగి చెట్టు మొగ్గ మీద ఉంది. ముందు దానికి పసుపు రాసి, "తల్లీ, నీకూ నాకూ పగలేం లేవు. నాకు కాస్త ఎండ కావాలి, అంతే" అని దణ్ణం పెట్టాను. తర్వాత చుట్టూ చిల్లులు పొడిచి, ఇంగువ ముద్ద చేసి కూరి, పైన మట్టి మెత్తాను.

ఆ ఆదివారం మా అమ్మాయి పులిహోర కలపబోయింది.

"అమ్మా, ఇంగువ డబ్బాలేవి?"

"అయిపోయాయి."

"మొన్ననే కదా రెండు తెచ్చాను?"

"పప్పులో వేశాను."

"ఎన్ని పప్పుల్లో?"

నేను స్నానానికి వెళ్లిపోయాను.

ఇక చెట్టు ఎప్పుడు ఎండుతుందా అని రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని చూసేదాన్ని. దాని దుంపతెగ, అది ఎండితేనా! ఆ వసంతంలో వేసినంత చిగురు ముందెప్పుడూ వెయ్యలేదు. బాలింతలకి ఒళ్లు గట్టిపడాలని ఇంగువ పెడతామన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను దాన్ని చంపలేదు, పురుడు పోశాను. ఒకటి మాత్రం జరిగింది. రోజూ సాయంత్రం వెనక అడవిలోంచి వచ్చి నా మొక్కలు కొరుక్కుతినే జింకలు కంచె దగ్గరే ఆగి, ముక్కులు ఎగరేసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయేవి.

ఈలోగా అల్లుడు పెట్టిన అర్జీ చూసి సిటీ నుంచి ఒకావిడ వచ్చింది. బూట్లూ టోపీ వేసుకున్న మనిషి, చేతిలో టేపు. ముందురాత్రి వాన పడి ఉక్కగా ఉంది. ఆ రోజు ఇంట్లో మా అమ్మాయీ నేనూ ఉన్నాం. ఆవిడ చెట్టు దగ్గరికి వెళ్లి, గాలి పీల్చి, చటుక్కున వెనక్కి జరిగి ఫోన్ తీసింది.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లాగింది. "అమ్మా, గ్యాస్ లీకవుతోందంటోంది. ఫైరింజన్‌ని పిలుస్తుందట. పద పద, రోడ్డు మీదికి."

"పిలవొద్దని చెప్పవే!"

"పిలవకపోతే ఎలా అమ్మా? అందరం పేలిపోతాం!"

"అది గ్యాస్ కాదే."

"మరి?"

"ఇంగువ."

అది నా వంక చూసింది. చెట్టు మొదట్లో మెత్తిన మట్టి వంక చూసింది. "నా పులిహోర ఇంగువా?"

నేను వంటింట్లోకి పరిగెత్తి ఖాళీ డబ్బా తెచ్చి ఆవిడ ముక్కు కింద పెట్టాను. ఆవిడ డబ్బా వాసన చూసింది. చెట్టు వాసన చూసింది. మళ్లీ డబ్బా వాసన చూసి ఫోన్ జేబులో పెట్టుకుంది. తర్వాత పొడుగ్గా ఏదో అడిగింది. మా అమ్మాయి పొట్టిగా ఏదో చెప్పింది.

"ఏం చెప్పావే?"

"మా అమ్మ చెట్టుకి నాటువైద్యం చేసిందని."

"నేను చంపాలని కదే..."

"నోరు మూసుకో అమ్మా. చెట్టుని కావాలని చంపినా పర్మిట్ లేకుండా కొట్టినట్టే లెక్క."

ఆవిడ వంగి ఒక చిల్లు మీది మట్టి గోటితో గీకింది. లేచి నా వంక చూసి సగం నోటితో నవ్వింది. ఆవిడ అన్న మాట మా అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది: "ఆ వైద్యం ఇంకోసారి చేస్తే ఫైన్ వేస్తుందట."

తర్వాత అసలు కబురు చెప్పింది. చెట్టు దివ్యంగా ఉంది. చావలేదు, ఇంటి మీదికి ఒరగలేదు. అయినా కొడతామంటే పర్మిట్ ఇస్తారట. కాకపోతే దాని బదులు ఇదే పెరట్లో మూడు కొత్త చెట్లు నాటాలట.

"ఆ మూడూ పెరిగి పెద్దవైతే?"

"అప్పుడు వాటికీ పర్మిట్ కావాలట."

చూశారా, నేను ఎండ అడిగితే ఈ ఊరు నాకు అడవి ఇస్తానంది. ఏడుపొచ్చినంత పనైంది. గింజల డబ్బాలో మిగిలిన ఆ నాలుగు గింజలూ కళ్లముందు కదిలాయి. "కింది కొమ్మలైనా తీయించుకోవచ్చేమో అడుగు" అన్నాను. కొన్ని తీయించుకోవచ్చట, దానికి పర్మిట్ అక్కర్లేదట. ఏ కొమ్మలా అని తలెత్తి చూశాను. నా ఎండంతా అక్కడే ఉంది, చెట్టు నెత్తిమీద. ఊళ్లో ఆనపపాదుని పాకమీదికి పాకించేవాళ్లం, మునగచెట్టు మీదికి పాకించేవాళ్లం. దీని మీదికి ఎందుకు పాకించకూడదు?

"తీగ ఎక్కించడానికి పర్మిట్ కావాలేమో అడగవే."

"నేను అడగను. పరువు పోతుంది."

"ఫైరింజన్ దాకా వచ్చాక ఇంకేం పరువే? అడుగు!"

అడిగింది. ఆవిడ టోపీ వెనక్కి నెట్టుకుని, కాసేపు ఆలోచించి, పకపకా నవ్వింది. చెట్టుని నరకడం గురించీ, చంపడం గురించీ రూల్సు ఉన్నాయట. ఆనపపాదు చెట్టెక్కడం గురించి ఎవరూ ఏమీ రాయలేదట.

అల్లుడు మనిషిని పిలిపించి కింది కొమ్మలు తీయించాడు. పై కొమ్మనుంచి తాళ్లు దించాడు. ఉన్న గింజలన్నీ పెట్టేశాను. మొలిచినవి రెండు. ఇంగువ పుణ్యమా అని జింకలు అటు రాలేదు. ఎండలు ముదిరేసరికి తీగ తాళ్లు దాటి చెట్టు నెత్తికెక్కింది. సాయంత్రమైతే మేపుల్ ఆకుల మధ్య తెల్లగా ఆనపపూలు విచ్చుకునేవి. కాయలు వేలాడటం మొదలయ్యాక, వాకింగుకి వెళ్లేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకునేవారు. చిల్లులు మానాయో లేదో చూస్తానని సిటీ ఆవిడ మళ్లీ వచ్చి, తలెత్తి అలాగే నిలబడిపోయింది. ఒక కాయ కోసి చేతిలో పెడితే చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఎలా వండాలని అడుగుతోందమ్మా."

"ఇంగువ పోపు పెట్టమను."

అన్నిటికన్నా పైన ఉన్న కాయని నేను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆకులన్నీ రాలిపోయాక బోడిచెట్టు మీద అదొక్కటే మిగిలింది, తొడిమ ఎండి, పెంకు గట్టిపడి. మంచు పడుతుందని ఫోనులో చూసి అల్లుడు నిచ్చెన వేశాడు. సగం ఎక్కి కిందికి చూశాడు.

"అత్తమ్మా, గీ సొరకాయకి నా పానం పోతే?"

"పోదు బాబూ. కింద నేను పట్టుకున్నానుగా."

"అందుకే భయమైతుంది."

కాయ దింపి హీటర్ గాలి వచ్చే చోట పెట్టాను. రోజూ చెవి దగ్గర పెట్టుకుని ఊపేదాన్ని. చాలా రోజులు మూగదానిలా ఉంది. బయట మంచు మోకాళ్ల లోతు పేరుకున్న ఒక పొద్దున ఊపితే గలగలమంది. మళ్లీ ఊపాను.

పక్కగదిలోంచి మా అమ్మాయి, "ఏంటమ్మా ఆ చప్పుడు?" అంది.

"మీ నాన్న."

లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత, "ఏమంటున్నారు?" అంది.

"మేపుల్ చెట్టుని కొట్టించొద్దంటున్నారు."