రాతి ఏనుగులకు నీలం రంగు

మన సీమ కోటలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు కావాలని తిరుగుతున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. దరఖాస్తుకు ఫోటోలు తీద్దామని ఈ ఉదయం హిందూపురం నుంచి పెనుకొండ వెళ్ళాను. కోట గుమ్మంలో చెక్కిన ఏనుగులకు నిగనిగలాడే నీలం పెయింటు! పక్కనే కిరాణా అంగడి పెద్దాయన బ్రష్ కడుక్కుంటున్నాడు.

"ఎవరు చేసినారన్నా ఈ పని?"

"నేనేబ్బా! ఫారినోళ్ళు చూసేకి వస్తారంట కదా. అంత పాతగా ఉంటే మన ఊరి పరువేం గావాల?"

ఆ పాతదనానికే గుర్తింపు అడుగుతున్నామని చెబితే ఆయన ముఖం చిన్నబోయింది.

"అట్లనా? ఐతే గీకేస్తా ఉండు" అని కత్తి తీశాడు. నా ప్రాణం పోయినంత పనైంది. బతిమాలి ఆపి, ఒక్క ఫోటో కూడా తీయకుండా తిరిగొచ్చాను.

రాయి చెడకుండా పెయింటు తీసే దారి తెలిసినవాళ్ళు దయచేసి ఈ రాత్రికే చెప్పండి. పొద్దున్నే ఆయన మళ్ళీ కత్తి పట్టుకుని బయలుదేరేలా ఉన్నాడు.