కళ్ళు మూసుకుని దారి చెప్పిన చాచా

మా చాచా పోయారు. శుక్రవారం పొద్దున నేను ఆఫీసు బండిలో వస్తుండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అబ్బా ఇగ లేడు. నమాజు జేసుకొని ఒరిగిండు, మల్ల లేవలే," అంది. నేను "సరే" అన్నాను. అలాంటి వార్తకు సరే అని ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

చాచా నాకు చుట్టం కాదు. శామీర్‌పేటలో మా క్యాబుల ఆఫీసుకు ట్రిప్పుల సూపర్‌వైజరు. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసేవాళ్ళను పొద్దున్నే ఎక్కించుకుని షిఫ్టు టైముకి దించడం మా పని. ఏ బండి ఎటు పోవాలో, ముందు ఎవరిని ఎక్కించుకోవాలో ఆయనే చెప్పేవారు. డ్రైవర్లందరికీ ఆయన చాచాయే, చివరికి ఓనరుకు కూడా.

కొత్త డ్రైవరు ఎవరొచ్చినా, తాళం చేతికిచ్చే ముందు ఎదురుగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవారు. తర్వాత కళ్ళు మూసుకునేవారు. "యాప్రాల్ల బండి తీసినవ్. ఎడమకు పాలబూతు. గాడ మేడం నిలవడ్తది, ఆమెకు చలి పడదు, ముందుగాల్నే అద్దం ఎక్కించు..." అంటూ దారంతా చెప్పేవారు. మలుపు దగ్గర తల కాస్త అటు వంగేది. స్పీడ్ బ్రేకర్ వస్తే భుజాలు లేచేవి. శామీర్‌పేట చెరువు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయేది. "ఈడ మంచు ఉంటది. నిమ్మలంగ పో, తొందర లేదు." గ్లాసులో చాయ్ అయిపోయేలోపు తుర్కపల్లి చేరేవాళ్ళం. మీరు నమ్మరు గానీ, ఆ రేకుల గదిలో కూర్చున్నవాళ్ళ ముఖానికి చెరువు గాలి తగిలేది.

నేను సూరారం పిల్లను. కంప్యూటర్ కోర్సు చేసి, నోటికి అదుపు లేకుండా అక్కడికి వచ్చిపడ్డాను. ఓనరు అప్పుడే ఆఫీసుకు ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. కొనడం కాదు, మనిషికో ఐడీ, ఐడీకి ఇంత అని నెలనెలా అద్దె. అది ఎక్కడో ఉన్న సర్వర్లలో నడుస్తుంది, మన ఫోన్లో కనబడుతుంది. దాన్ని అందరికీ అలవాటు చేయడానికే నన్ను పెట్టుకున్నారు. మొదటిరోజే చాచాను కూర్చోబెట్టి గొప్పగా వివరించాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు.

"అద్దె కట్టుడు బందు జేస్తే నా దార్లు ఏడికి వోతయ్ బేటా?"

"ఏడికి వోవు చాచా, అన్నీ మన కంప్యూటర్లకు దించుకోవచ్చు."

"మరి నీకు దార్లు తెలుసా?"

"నాకెందుకు? మ్యాప్ జెప్తది గదా!"

ఆయన నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

వారం తిరక్కుండానే నా తెలివి బయటపడింది. నేను మ్యాపులో ప్రతి ఉద్యోగికీ వాళ్ళ ఇంటి గుమ్మం మీదే గుర్తు పెట్టాను. యాప్రాల్ మేడం వాళ్ళ నాన్న పక్షవాతంతో ముందుగదిలో పడుకుని ఉంటారట. రాత్రంతా మెలకువగా ఉండి, తెల్లారే వేళకే ఆయనకు కాస్త కన్నంటుకుంటుంది. అందుకే ఆమె పాలబూతు దాకా నడిచి వచ్చేది. కొత్త డ్రైవరు మ్యాపు చెప్పినచోట, సరిగ్గా ఆ కిటికీ కింద ఆగి హారన్ కొట్టాడు. వరసగా మూడు రోజులు. నాలుగో రోజు ఆవిడ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

చాచా నన్ను ఒక్క మాట అనలేదు. స్క్రీన్ మీద వేలు పెట్టి "గీ డబ్బాల రాయొచ్చా?" అన్నారు. ఒక్కొక్కరి పేరు కింద 'గమనిక' అని ఒక ఖాళీ గడి ఉంది. నేను దాన్ని అసలు పట్టించుకోనే లేదు. ఫోన్లో మాట్లాడితే అక్షరాలయ్యే పద్ధతి ఆయనకు నేర్పాను. ఇక అప్పట్నుంచి మధ్యాహ్నం బండ్లు లేని వేళ గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఫోనుకు దారులు చెప్పేవారు. "ఈ సార్ కండ్లద్దాలు మర్చిపోతడు, యాది జెయ్." "ఈడ కుక్కపిల్లలు బండి కిందికొస్తయ్, దిగి సూడు." పైన ఎండకు రేకులు చిటపటమనేవి. ఆయన గొంతు సాగుతూ ఉంటే నాకు కునుకు పట్టేది. ఆ కునుకులో ఎన్నిసార్లు చెరువు దాటానో లెక్కలేదు.

"ఏంది చాచా గింత ఆత్రం? రేపు జెప్పొచ్చు గదా," అన్నాను ఒకసారి.

"జర జల్దీ ఉన్నది బేటా," అన్నారు.

గుండె పాడయిందని డాక్టరు అప్పటికే చెప్పేశాడట. కూతురు చెబితే ఇప్పుడు తెలిసింది. నేనేమో ఆయన్ని టేప్ రికార్డరని ఆటపట్టించేదాన్ని. ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

సోమవారం ఓనరు వచ్చి చాచా కుర్చీ పక్కన నిలబడ్డారు. "చాచా ఐడీ తీసెయ్యమ్మా, నెల మారుతాంది, మల్ల అద్దె పడ్తది," అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తీసేయబోతే హెచ్చరిక వచ్చింది: ఈ ఐడీతో రాసిన గమనికలన్నీ దీనితోపాటే పోతాయి.

రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క గమనికనూ నా ఐడీలోకి ఎత్తి రాశాను. కింద ఆయన పేరు ఉన్నచోట నా పేరు పడుతుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉంది. కానీ రేపు యాప్రాల్లో హారన్ మోగకూడదు కదా. జాబితా చివర నా పేరూ ఉంది. నన్నూ రోజూ సూరారంలో ఆఫీసు బండే ఎక్కించుకుంటుంది. డ్రైవరు చూసుకునే గమనికే కదా అని దాన్ని ఎన్నడూ తెరవలేదు. తెరిచాను.

"ఈ పిల్లను ముందు సీట్ల కూసోబెట్టుకో. రోజు దారి జెప్పుకుంట తీస్కరా. నా ఎనక ఈమెనే జెప్పాలె."

ఏడాదిగా మా డ్రైవరన్న "గిది బహదూర్‌పల్లి చౌరస్తా చెల్లె, పొద్దుగాల బడి బస్సులు అడ్డమొస్తయ్" అంటూ చెబుతూనే ఉన్నాడు. వాగుడుకాయ అనుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని చూశాను. బహదూర్‌పల్లి, గుండ్లపోచంపల్లి, మేడ్చల్, వాటి మలుపులు, గుంతలు, చాయ్ బండ్లు, అన్నీ వరసగా వచ్చాయి. శుక్రవారం రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ ఒక్క గమనికను మాత్రం నా పేరు మీదికి మార్చుకోలేదు. ఆ మాట నాకు నేను రాసుకోలేను. ఐడీ తీసేశాను. అది చాచాతోపాటే వెళ్ళిపోయింది.

మర్నాడు బండి వచ్చింది. డ్రైవరన్న ఫోన్లో నా పేరు కింద గడి ఖాళీగా ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఫోను స్టాండులో పెట్టి బండి తీశాడు. ఇక చెప్పడేమో అనుకున్నాను. కొంచెం దూరం పోయాక గొంతు సవరించుకుని, "గిది బహదూర్‌పల్లి చౌరస్తా చెల్లె..." అని మొదలుపెట్టాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. మేడ్చల్ దాటాక అతను చెప్పడం ఆపేశాడు. అక్కడి నుంచి నేను చెప్పాను. ఒకచోట చల్లగాలి ముఖానికి తగిలింది. నా గొంతు దానంతటదే తగ్గింది.

"ఈడ మంచు ఉంటదన్నా. నిమ్మలంగ పో, తొందర లేదు."

బండి నెమ్మదించింది. కళ్ళు తెరిచేసరికి చెరువు లేదు, రోడ్డు లేదు, అద్దం అవతల అంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులోకి మెల్లగా వెళ్తున్నాం.