చేతులు వెనక్కి పెట్టుకున్న పిల్ల

బట్టలు కుట్టే ఆ దుకాణం వెనక గదిలో నీళ్ల డబ్బా పక్కన ఐదు స్టీలు గ్లాసులు బోర్లించి ఉండేవి. ఆరోది విడిగా, కిటికీ గట్టు మీద. దాని నడుముకు ఎర్రదారం మూడు చుట్లు చుట్టి ముడేసి ఉండేది. అది గుండీలమ్మ గ్లాసు.

ఆమెకు ఏ జబ్బూ లేదు. ఉన్నా, గ్లాసు వల్ల ఎవరికీ హెచ్ఐవీ రాదు. ఈ ముక్క తెలియని వాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. గోడ మీద ఆరోగ్య శాఖవాళ్ల పోస్టరు కూడా ఉంది.

చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుట్టడం ఆమె పని, అందుకే ఆ పేరు. అదే గదిలో మూడో మిషను మీద కుట్టిన చెల్లెలు ఆ జబ్బుతో పోయింది. వారం తిరక్కుండానే కిటికీ గట్టు మీద గ్లాసు వెలిసింది. ఎవరు కట్టారని గుండీలమ్మ అడగలేదు. దారాన్ని మాత్రం గుర్తుపట్టింది. అది తన డబ్బాలోని రీలుదే.

"అడగొచ్చు కదక్కా," అని పక్క మిషనామె ఒకరోజు గుసగుసలాడింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆ గ్లాసులోనూ నీళ్లు తడిగానే ఉన్నాయి," అని నవ్వేసింది.

నాలుగేళ్లు అలాగే తాగింది. చెల్లెలి కూతుర్ని నెలకో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అన్ని సెలవులిచ్చే యజమాని ఇంకోచోట దొరుకుతాడా?

ఆ పిల్లకు ఇప్పుడు ఏడేళ్లు. గుండ్రటి మొహం చూసి పెద్దమ్మే 'బొత్తాం' అని ముద్దుపేరు పెట్టింది. పుట్టుకతోనే వైరస్ వచ్చింది. తల్లికి తన జబ్బు సంగతి తెలిసేసరికి పిల్లకు మూడేళ్లు. మందు అప్పుడే మొదలైంది. ఆ రోజు నుంచి గుండీలమ్మ ఒక్క పూట మందు తప్పనివ్వలేదు.

ఇంకొకటి కూడా తప్పనివ్వలేదు. పక్కింటి పిల్లల బంతి కనబడినా, బడిలో ఎవరి రంగు పెన్సిలు కనబడినా ఒకటే మాట: "ముట్టుకోకు. చేతులు వెనక్కి." తనకు జరిగిన అవమానం పిల్లకు జరగకూడదని ఆమె తాపత్రయం. మిగతా పాఠాలు నిలిచినా నిలవకపోయినా, బొత్తాం బుర్రలో ఈ పాఠం మాత్రం మేకు కొట్టినట్టు నిలిచిపోయింది.

రెండో తరగతి చివర్లో టీచరమ్మ పిలిపించింది.

"పుస్తకం తియ్యి, తేదీ వెయ్యి అంటే పుస్తకం తీసి కూర్చుంటుందమ్మా. రెండో మాట ఎగిరిపోతుంది. వచ్చే ఏడాది మా దగ్గర కష్టం. ఇలాంటి వాళ్లకు వేరే బడి ఉంది కదా."

వేరే గ్లాసు గుండీలమ్మకు అలవాటే. పిల్లకు వేరే బడా? హెడ్మాస్టరును బతిమాలితే, ఆసుపత్రి నుంచి పిల్ల తెలివితేటల పరీక్ష కాగితం తెమ్మన్నాడు, దాన్ని బట్టే ఉంచడమో పంపడమో.

నాలుగేళ్లుగా ఆ ఆసుపత్రిలో పిల్ల బరువు తూచారు, ఎత్తు కొలిచారు, రక్తం తీశారు. కార్డులో అన్నిటికీ గళ్లున్నాయి. మాటెలా వస్తోంది, ఆటెలా ఆడుతోంది, విన్నది గుర్తుంటోందా అని రాసే గడి లేదు. బతికితే చాలనుకున్న రోజుల్లో అచ్చేసిన కార్డు అది. పిల్లలు బతుకుతున్నారు. కార్డు మారలేదు. "అది మా విభాగం కాదమ్మా" అనిపించుకుని, మూడోసారి వెళ్తే కానీ పరీక్ష చేసే మేడం గది దొరకలేదు.

మేడం బల్ల మీద రంగుల చెక్క దిమ్మలు పేర్చింది. "చూశావుగా? నువ్వూ ఇలాగే పేర్చు."

బొత్తాం చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. మేడం కాగితం మీద సున్నా వేసింది. బొమ్మ ముక్కలు అతికించమంది. ఇంకో సున్నా. మూతల డబ్బాలు ఇచ్చింది. మూడో సున్నాకు పెన్ను వంగుతుండగా వెనక స్టూలు మీంచి గుండీలమ్మ లేచింది.

"దానికి రాక కాదు మేడం."

"మధ్యలో మాట్లాడకూడదమ్మా."

"అది ముట్టుకోదు. ముట్టుకోవద్దని నేనే నేర్పాను."

మేడం పెన్ను కింద పెట్టింది. "అయితే మీరే చెప్పండి."

గుండీలమ్మ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "బొత్తాం, ముట్టుకోవే."

"ఎవరివి?"

"నీకోసమే పెట్టారు."

"తిడతారా?"

"తిడితే నన్ను తిట్టమను."

పిల్ల ఆలోచించింది. "నేను ముట్టుకున్నాక వాటిని కడుగుతారా పెద్దమ్మా?"

మేడం ఒక దిమ్మ తీసి పిల్ల అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, కాసేపు ఆ చేతిని అలాగే పట్టుకుంది.

అద్భుతమేమీ జరగలేదు. నాలుగు దిమ్మలు సరిగ్గా పేర్చింది, ఆరు దిమ్మల దగ్గర తడబడింది. రెండు పనులు ఒకేసారి చెబితే రెండోది నిజంగానే మరిచిపోయింది.

"అబద్ధం చెప్పనమ్మా," అంది మేడం. "ఈ వైరస్ ఉన్న పిల్లలంతా ఇలా ఉండరు. ముందే మందు పడితే చాలామంది అందరిలాగే చదువుకుంటారు. ఈ పిల్లకు మాత్రం మెదడు ఎదిగే తొలి ఏళ్లలో మందు పడలేదు. కొంత దానివల్ల. కొంత ఆడుకోనివ్వకపోవడం వల్ల. ఏది ఎంతో నేను విడదీసి చెప్పలేను. కానీ రెండోది మన చేతుల్లో ఉంది."

"మందు ఒక్క పూట కూడా తప్పలేదు మేడం."

"తెలుసు. అందుకే ఇంతదాకా వచ్చింది."

కాగితంలో రాసింది: ఇదే బడి, ముందు బెంచీ, ఒకసారికి ఒకే మాట, ఆరు నెలలకు మళ్లీ పరీక్ష. హెడ్మాస్టరు రెండుసార్లు చదివి, "ఒక్క ఏడాది చూద్దాం" అన్నాడు. అంతే ఇచ్చాడు. గుండీలమ్మ అదే పుచ్చుకుంది.

మర్నాడు దుకాణంలో ఆమె నీళ్ల డబ్బా దగ్గరికి వెళ్లి, ఐదు గ్లాసుల్లో ఒకటి తీసుకుని తాగి, కడిగి బోర్లించింది. మిషన్లు ఆగాయి.

"ఏంటమ్మా, నీ గ్లాసేమైంది?" అన్నాడు కటింగ్ మాస్టరు.

"అక్కడే ఉంది మాస్టరుగారూ. దాని దారం నా రీలుదే. గుండీలకు పనికొస్తుందని విప్పుకున్నాను."

ఇప్పుడు మాస్టరు ఇంటి నుంచి సీసాతో నీళ్లు తెచ్చుకుంటున్నాడు. పక్క మిషనామె ఏ గ్లాసు చేతికొస్తే దాంతో తాగుతోంది. సాయంత్రాలు బొత్తాం గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుంటుంది. "రెండు కన్నాలది తియ్యి, దారం ఎక్కించు" అంటుంది పెద్దమ్మ. కొన్ని రోజులు దారం గుర్తుంటుంది, కొన్ని రోజులు ఉండదు.

ఇది చదివినవాళ్లను ఒకటి అడుగుతున్నాను. మీకు దగ్గర్లోని ఆసుపత్రిలో హెచ్ఐవీతో పుట్టిన పిల్లల కార్డు మీద మాటకూ ఆటకూ చదువుకూ గడి ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే పెట్టమని పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వండి. ఏ పిల్ల పేరూ అడక్కండి, అవసరం లేదు. అర్జీ రాసేలోపు మీరు పనిచేసే చోట నీళ్ల దగ్గరికి ఒకసారి వెళ్లి గ్లాసులు చూడండి. విడిగా ఒకటి కనిపిస్తే, తెచ్చి మిగతావాటిలో కలపండి.